కర్వీ అంటే లావేనా, ఏటి?

(విజయనగరం నుంచి)
గ్రూపులో అందరికీ నమస్తే. నేను ఇంట్లోనే జాకెట్లూ కుర్తీలూ కుడతాను, ఈమధ్య వాట్సాప్‌లో ఫోటోలు పెట్టి ఆర్డర్లు కూడా తీసుకుంటున్నా. మొన్న ఫారిన్ నుంచి ఒకమ్మాయి, మనమ్మాయే, అమ్మమ్మగారిది గజపతినగరమట, "ఆంటీ నేను ఫ్యాట్ కాదు, కర్వీ, అది చూసుకుని కుట్టండి" అని మెసేజ్ పెట్టింది. సరేనన్నాను గానీ పక్కన కూచుని హుక్కులు కుడుతున్న మా అత్తగారు "ఏటంటాదే ఆ గుంట" అనడిగితే నాకు మాట రాలేదు. "లావే గానీ లావు కాదంట" అన్నాను. ఆవిడ ఒకసారి నాకేసి చూసి "అయితే ఆది జాకెట్టు అంపమను" అనీసి మళ్ళీ హుక్కుల్లో పడిపోయింది.

నా డౌటేంటంటే, ఇంగ్లీషులో కర్వీ, ప్లంప్, చబ్బీ, బక్సమ్, వొలప్చువస్, ఫుల్ ఫిగర్, ప్లస్ సైజ్ ఇన్ని ఉన్నాయి కదా, మనకి లావు తప్ప ఇంకోటి లేదా? పెద్ద సైజులకి విడిగా ఒక పేరు పెట్టి ఫోటోలు పెడదామని ఉంది. బొద్దుగుమ్మ అని మాత్రం చెప్పొద్దు ప్లీజ్, సినిమా గాసిప్ రాసేవాళ్ళు ఆ మాటని ఎప్పుడో పాడుచేసి వదిలేశారు.

(బొబ్బిలి నుంచి)
పుష్టిగా అనొచ్చు కదండీ?

(ఆమదాలవలస నుంచి)
పుష్టిగా అంటే మా వైపు పెయ్యదూడ గుర్తొస్తాదండి 😀 చంటిపిల్లల్ని కూడా అంటారనుకోండి. పెద్దాళ్ళని అంటే ఊరుకోరు.

(బొబ్బిలి నుంచి)
లలితా సహస్రనామంలో "తుష్టిః పుష్టిర్మతిర్ధృతిః" అని అమ్మవారి పేరేనండి అది, దూడ దగ్గరికి తీసుకెళ్ళిపోయారు!

(శ్రీకాకుళం నుంచి)
మేడం, లావుని అంత తేలిగ్గా తీసెయ్యకండి. గజేంద్రమోక్షంలో ఏనుగు "లావొక్కింతయు లేదు" అంటుంది కదా, అక్కడ లావంటే బలం. మా చిన్నది ఐదో క్లాసులో ఆ పద్యం బట్టీ పడుతూ మధ్యలో ఆగిపోయి "ఏనుగే లావు లేదంటే మరి నేనేటి నాన్నా" అంది, నవ్వలేక చచ్చాం. పోతన నాటికి బలం అన్న మాట మన నోళ్ళలో నలిగి నలిగి ఇప్పుడు ఒళ్ళయింది. ఇంగ్లీషులో స్టౌట్ కూడా సరిగ్గా ఇదే దార్లో వచ్చింది, పాత ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు దానర్థం ధైర్యం గలవాడు, గర్వం గలవాడు అని, జర్మన్‌లో గర్వానికి వాడే స్టోల్జ్ దీనికి చుట్టమే. తర్వాత గట్టి మనిషి అయింది, ఆ తర్వాత లావు మనిషి అయింది, 20వ శతాబ్దం మొదట్లో అమెరికాలో పెద్ద సైజు ఆడవాళ్ళ బట్టల వ్యాపారానికి స్టౌట్‌వేర్ అనే పేరు. మీరు ఇప్పుడు వెతుకుతున్న పేరు వాళ్ళూ అప్పుడు వెతుక్కున్నారన్నమాట.

గర్వం అంటే గుర్తొచ్చింది, మన బలుపు ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడండి, బలియడం నుంచే కదా. ఒళ్ళు కొవ్వెక్కిందా అని తిడితే అక్కడ కొవ్వు బరువు సంగతి కాదు, పొగరు సంగతి. వాళ్ళకి పొగరు ముదిరి ఒళ్ళయింది, మనకి ఒళ్ళు ముదిరి పొగరైంది!

బక్సమ్ కథ ఇంకా తమాషా. వంగడం అనే పాత ఇంగ్లీషు క్రియలోంచి పుట్టింది, అంటే మొదట్లో అణకువగా మాట వినేది అని అర్థం. మధ్యయుగం ఇంగ్లండులో పెళ్ళికూతురు బక్సమ్‌గా ఉంటానని పెళ్ళి పీటల మీద, అదే చర్చిలో, ప్రమాణం చేసేది. తర్వాత హుషారైన పిల్ల అయింది, ఆరోగ్యంగా కళకళలాడే పిల్ల అయింది, చివరికి చూపంతా ఛాతీ దగ్గర ఆగిపోయింది. ఎవరి చూపో చెప్పక్కర్లేదు. జాఫ్టిగ్ అని ఇంకోటుంది, యూదుల ఇడ్డిష్ భాష నుంచి అమెరికన్ ఇంగ్లీషులోకి వచ్చింది, అసలర్థం రసం నిండినది అని, మన బంగినపల్లి లెక్క. రూబెనెస్క్ అనేది రూబెన్స్ (1577–1640) అనే చిత్రకారుడి పేరు మీద వచ్చింది, ఆయన బొమ్మల్లో ఆడవాళ్ళు నిండుగా ఉంటారు.

నాకనిపించేది ఏంటంటే మనవాళ్ళు మనిషికి ఇలాంటి బిళ్ళ తగిలించరు, జరిగింది చెప్తారు. ఒళ్ళు చేసింది, కండ పట్టింది, పురిటి తర్వాత తేరుకుంది. ఇవాళ చేసిన ఒళ్ళు రేపు తియ్యొచ్చు. మా నాయనమ్మకైతే "ఒల్లు సేసినావురా" అనడం దీవెన, "సిక్కిపోనావు" అనడమే బెంగ.

(బొబ్బిలి నుంచి)
మాస్టారూ, మీకు దీవెనే. పెళ్ళి భోజనాల దగ్గర పదిమందిలో "ఏటే అలా ఒళ్ళు చేసీసినావు" అనిపించుకుని సగం తిని లేచిపోయిన ఆడపిల్లని అడగండి, అది క్రియో విశేషణమో అప్పుడు చెప్తుంది. ఆ అమ్మాయి కర్వీ అనే మాట ఎంచుకుందంటే మన దగ్గర లేకే ఎంచుకుంది.

ఇంకో సంగతి. వొలప్చువస్ అనే మాటని తెలుగులో చెప్పమంటే సిగ్గుపడిపోతాం, దాని లాటిన్ మూలానికి అర్థం సుఖం అనే. కానీ శుక్రవారం శుక్రవారం గుళ్ళో కూచుని "స్తనభార దలన్మధ్య పట్టబంధ వళిత్రయా" అని పైకే చదువుతున్నాం కదా, పైన బరువుకి నడుం ఎక్కడ విరుగుతుందోనని బంగారు పట్టీలు కట్టినట్టు మూడు ముడతలున్నాయట. అదే స్తోత్రంలో తనుమధ్యా అని కూడా ఉంది, సన్నటి నడుం గలది. మరి కర్వీ అంటే ఇదే కదా? సంస్కృతంలో ఉంది, ప్రబంధాల నిండా ఉంది, మన వీధిలో మాత్రం లేదు.

(శ్రీకాకుళం నుంచి)
పెళ్ళి భోజనం మాట ఒప్పుకుంటున్నానండీ. మా నాయనమ్మ కళ్ళతో చూసి రాసీసినాను.

(ఆమదాలవలస నుంచి)
అయితే జాకెట్ల పేరు "వళిత్రయం" 😀

(విజయనగరం నుంచి)
అబ్బో, నేను ఒక మాట అడిగితే ఇంత వచ్చింది, థాంక్సండీ అందరికీ. నిండుగా అని ఎవరైనా అంటారేమో అని చూశాను, మాస్టారు రూబెన్స్ దగ్గర దాన్ని వాడేసి పక్కకెళ్ళిపోయారు. నాకు అదే నచ్చింది. నిండైన విగ్రహం అంటే మా ఊళ్ళో ఎవరూ తప్పు పట్టరు, అందులో ఎత్తూ వస్తుంది, ముఖంలో కళా వస్తుంది. కాకపోతే నలభై దాటిన ఆవిడని అంటే బాగుంటుంది, పాతికేళ్ళ పిల్లకి అది చెల్లదు. మీరేమంటారో.

ఈలోపు ఆ అమ్మాయి కొలతలు పంపింది. ఆది జాకెట్టు లేదట, టేపుతో తనే తీసుకుంది. అంకెలు ఇక్కడ రాయను గానీ ఛాతీకీ నడుముకీ పది అంగుళాల తేడా ఉంది, తుంటి దగ్గర మళ్ళీ అంతకన్నా ఎక్కువ. నేను మామూలుగా పెద్ద సైజంటే పైనుంచి కిందదాకా ఒకే వెడల్పుతో లూజు వదిలేసి కుట్టేస్తాను, అలా కుడితే ఈ పిల్లకి గోనెసంచి తొడిగినట్టుండేది. బొబ్బిలి మేడం రాసింది మా అత్తగారికి చదివి వినిపించాను, స్తోత్రం దగ్గర దండం పెట్టుకుంది. తర్వాత కాగితం అందుకుని కొలతలు చూసి "ఓస్ ఇదేనా, నడుం కాడ బాగా నొక్కాల, టక్కులు రెండు ఎక్కువెయ్, అంతేగా" అంది.

కత్తిరింపు అయిపోయింది. ఫోటోల కింద పేరు ఇంకా ఖాళీగానే ఉంది, ఎవరికైనా తడితే రాయండి.