రాజశేఖర చరిత్రము పాత ప్రతి: ఇది 1880 కూర్పేనా?

కావలి నుంచి ప్రశ్న

అన్నలకూ అక్కలకూ నమస్కారం. కందుకూరి వీరేశలింగం గారి రాజశేఖర చరిత్రము పాత ప్రతి ఒకటి ఇక్కడ అమ్మకానికి ఉంది. ముఖపత్రం పోయింది, అట్ట తియ్యంగానే పీఠికే. పీఠికలో 1880 అని ఉంది కాబట్టి మొదటి కూర్పేనని అమ్మే ఆయన గట్టిగా చెప్తున్నాడు. వెనక అట్ట మీద వెల 1-4-0. ఈ నవల పుట్టింది 1878 అని కొందరు, 1880 అని కొందరు రాస్తున్నారు. ఏది నమ్మాలి? కూర్పు ఎట్లా తేల్చుకోవాలి? అసలు ఆ రోజుల్లో దీన్ని చదివిందెవరు?

ఒంగోలు నుంచి జవాబు

తమ్ముడూ, రెండు సంవత్సరాలూ సరైనవే. 1878లో వివేకవర్ధని పత్రికలో భాగాలుగా వచ్చింది, 1880లో పుస్తకమైంది. పత్రిక కూడా వీరేశలింగం పంతులు గారిదే, 1874లో పెట్టారు.

పీఠికను చూసి మాత్రం డబ్బులియ్యొద్దు. మళ్ళీ అచ్చేసిన ప్రతిసారీ పాత పీఠికను తేదీతో సహా దించేయడం మామూలే. వెల కూడా అంతే. 1-4-0 అంటే రూపాయి నాలుగణాలు. అణాలు పోయి నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. అంటే నీ ప్రతి అంతకు ముందుదని తెలుస్తుంది, అంతే. 1880కీ 1957కీ నడుమ 77 ఏళ్ళుండాయి!

చూడాల్సింది అచ్చుకూటం పేరు. అప్పట్లో 1867 చట్టం ప్రకారం ప్రతి పుస్తకం మీదా ముద్రాపకుడి పేరూ ఊరూ ఉండి తీరాల్సిందే. ముఖపత్రం పోయినా చివరి పుట అడుగున సన్న అక్షరాల్లో ఉండొచ్చు, ముందు అక్కడ చూడు. ఎక్కడైనా ‘ఆంధ్రప్రదేశ్’ అని కనిపిస్తే 1956 నవంబరు తర్వాతిది. ఊరి పేరు పక్కన ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972కు ముందుది కాదు, లేదంటే అట్ట తర్వాత వేయించిందై ఉండాలి.

ఆ చట్టం వల్ల ఇంకో మేలు జరిగింది. మద్రాసు రాజధానిలో (ప్రెసిడెన్సీలో) అచ్చయిన పుస్తకాల జాబితా మూడు నెలలకోసారి అప్పటి ప్రభుత్వ పత్రిక ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజిట్‌తో వచ్చేది. అందులో పుస్తకం పేరు, ఎన్నో కూర్పు, ఎన్ని పుటలు, ఎన్ని ప్రతులు, వెల, అచ్చుకూటం అన్నీ గళ్ళు గీసి ఉంటాయి. నీ ప్రతి పుటల లెక్క ఏ కూర్పు లెక్కతో కలిస్తే అది దాదాపు ఆ కూర్పే. గెజిట్లు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో చూడొచ్చు.

కావలి

చివరి పుట అడుగు చిరిగిపోయిందన్నా. నడుమ కూడా కాగితాలు పోయినట్టుండాయి. పుటల అంకెలు మూలల్లో చెదలు తినేసింది. లెక్క ఎట్లా?

ఒంగోలు

ఫారాలు లెక్కపెట్టు. ఫారం అంటే ఒక పెద్ద కాగితం మీద అచ్చేసి మడిచి కుట్టిన కట్ట. 1/8 సైజు పుస్తకంలో ఫారానికి 16 పుటలు. కాబట్టి 1, 17, 33, 49 ఇట్లా ప్రతి ఫారం మొదటి పుట అడుగున, కుట్టు వైపు, చిన్న అంకె గానీ అక్షరం గానీ ఉంటుంది. 2 గుర్తున్న ఆకుతో కలిపి 3 గుర్తు వచ్చేలోపు 8 ఆకులుండాలి. 7 ఉంటే ఒకటి పోయినట్టు. పీఠికకు వేరే ఫారం ఉంటుంది, దాన్ని ఈ లెక్కలో కలపొద్దు, చాలామంది తప్పేది అక్కడే. ఆఖరి ఫారం సగమో పావో ఉండొచ్చు, దాన్ని చూసి ఆకులు పోయాయనుకోవద్దు.

నెల్లూరు నుంచి జవాబు

ఎవరు చదివారన్నదానికి చెప్తా. మొదటి పాఠకులు వివేకవర్ధని చందాదారులు. లంచగొండుల్ని ఏకిపారేసే పత్రిక అది, దాన్ని తెప్పించుకునే ఇంట్లోకే ఈ కథ విడతలుగా వెళ్ళింది. పుస్తకమయ్యాక బడి పట్టుకుంది. పాఠ్యగ్రంథం కావడం వల్లే ఇన్ని కూర్పులు పడ్డాయని నా లెక్క. సరదాకి కొనుక్కునేవాళ్ళతో ఏ తెలుగు పుస్తకం అన్నిసార్లు అచ్చయిందని! 1887లో హచిన్సన్ చేసిన ఇంగ్లీషు అనువాదం ‘ఫార్చ్యూన్స్ వీల్’ పేరుతో లండన్‌లో ఇలియట్ స్టాక్ వేశాడు.

గోల్డ్‌స్మిత్ నవల ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ (1766) కాపీ అనే మాట అప్పటినుంచీ ఉంది. పంతులు గారు ముందు దాన్ని తెనిగించబోయి, కొంత రాసి, నచ్చక వదిలేశారు. ఒక్క చోటు పోల్చి చూడండి. అక్కడ వికార్ (చర్చి పాస్టరు) ఎవరి దగ్గర డబ్బు దాచుకున్నాడో ఆ వర్తకుడు దివాలా తీసి పారిపోతాడు. ఇక్కడ బంగారం చేసి పెడతానన్న బైరాగి రాజశేఖరుడి ఇంటి బంగారమంతా ఊడ్చుకుపోతాడు. బ్యాంకుల్లేని ధవళేశ్వరంలో ఇల్లు గుల్లయ్యే దారి అది. దీన్ని కాపీ అంటే నేనొప్పుకోను.

‘మొదటి నవల’ అని ఎవరన్నా ధర పెంచితే 1872 నాటి శ్రీ రంగరాజ చరిత్రను గుర్తు చేయండి, నరహరి గోపాలకృష్ణమ చెట్టి రాసింది. వీరేశలింగం గారైతే తనది ‘వచన ప్రబంధ’మన్నారు. నవల అనే మాట తర్వాత కాశీభట్ల బ్రహ్మయ్యశాస్త్రి వాడుకలోకి తెచ్చింది. రాజశేఖర చరిత్రాన్నే ‘వివేకచంద్రికా విమర్శనము’లో దులిపేసిందీ ఆయనే. ఆ పేరు చూసి వేరే పుస్తకం అనుకోకండి, వివేకచంద్రిక దీనికే రెండో పేరు.

ఇంకో గుర్తు. పాత అచ్చులో అరసున్నలు, బండి ఱలు నిండా ఉంటాయి. అవి లేకుండా ఉంటే ఈ మధ్య తిరగరాసి వేసిందే. ఉన్నాయంటే మాత్రం ఏదీ రుజువు కాదు, మొన్నమొన్నటి అచ్చుల్లోనూ కొందరు ఉంచారు.

ఒంగోలు

కొంటే సెల్లోటేపు మాత్రం వేయొద్దు. ఏళ్ళు గడిచేసరికి జిగురు పసుపెక్కి అక్షరాల్లోకి దిగుతుంది, ఊడదీస్తే అచ్చు కూడా వస్తుంది. పలచటి జపాన్ కాగితం, ఉడికించిన గోధుమ పిండి జిగురు చాలు. తడి ఆరేదాకా బరువు పెట్టు. చెదలు కనిపించిన ప్రతిని మిగతా పుస్తకాల బీరువాలో పెట్టకు.

స్కాన్ చేసేటప్పుడు 400 డీపీఐ పెట్టు, తక్కువైతే అరసున్న మచ్చలా పడుతుంది. బొమ్మను అక్షరాలుగా మార్చే యంత్రం దాన్ని సున్నాగా చదివి ‘వాఁడు’ను ‘వాండు’ చేస్తుంది, చేత్తో దిద్దుకోవాల్సిందే. పంతులు గారు పోయింది 1919లో, కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది, నెట్‌లో పెట్టినా అభ్యంతరం లేదు.

పోల్చుకోవడానికి వేరే పాత ప్రతి కావాలంటే వేటపాలెం సారస్వత నికేతనంలో అడుగు. 1918 నాటి గ్రంథాలయం. 2022లో బాపట్ల జిల్లాలో కలిపారు గానీ మా నోట ఇంకా ప్రకాశం జిల్లానే. వెళ్ళేటప్పుడు నీ ప్రతిలో ఫారం గుర్తులున్న పుటల ఫోటోలు పట్టుకెళ్ళు. ఒక పుటలో ఎన్ని పంక్తులో, పంక్తి ఏ మాటతో తెగిందో అక్కడి ప్రతితో సరిచూస్తే పది నిమిషాల్లో తేలిపోతుంది.