డి5600కి పాత 50 ఎంఎం లెన్స్: బాడీ మార్చాలా, లెన్స్ మార్చాలా?

నా దగ్గర నికాన్ డి5600 కెమెరా ఉంది. తెలిసినాయన ఒకరు తను వాడని ఏఎఫ్ 50 ఎంఎం ఎఫ్/1.8డి లెన్స్ ఇచ్చారు. చక్కగా బిగిసింది. మొదట 'ఎఫ్ఈఈ' అని ఎర్రర్ వస్తే టెన్షన్ పడ్డాను గానీ, లెన్స్ మీది అపర్చర్ రింగును (వెలుతురు వచ్చే రంధ్రం సైజు మార్చేది) 22 దగ్గర లాక్ చేస్తే పోయింది. ఎక్స్‌పోజర్ కూడా బాగానే వస్తోంది. ఆటోఫోకస్ మాత్రం లేదు. ఫోకస్ మోటార్ ఈ లెన్స్‌లోనూ లేదు, డి5600 బాడీలోనూ లేదట. ముందే చూసుకోవాల్సింది, తప్పు నాదే.

ఫోకస్ రింగును చేత్తో తిప్పుతుంటే, ఫోకస్ కుదిరినప్పుడు వ్యూఫైండర్‌లో పచ్చ చుక్క వెలుగుతోంది. కానీ అపర్చర్ పూర్తిగా తెరిచి 1.8 దగ్గర పెడితే, పరిగెత్తే పిల్లల కళ్లు ఒక్కసారీ షార్ప్‌గా రాలేదు. బాడీలో మోటార్ ఉన్న డి7200ని సెకండ్ హ్యాండ్‌లో తీసుకోవడం మేలా, లేక లెన్స్‌లోనే మోటార్ ఉన్న ఏఎఫ్-ఎస్ 50 ఎంఎం ఎఫ్/1.8జి కొనుక్కుంటే సరిపోతుందా? రెండూ వాడినవాళ్లు కాస్త చెప్పండి.