ఆర్కే బీచ్‌కు ఇసుక ఎక్కడి నుంచి తేవాలి?

ప్రశ్న: విశాఖ ఆర్కే బీచ్ కోతకు గురైనప్పుడల్లా డ్రెడ్జర్‌తో (నీటి అడుగున తవ్వే ఓడతో) ఇసుక పోయిస్తున్నారు. ఇంత ఇసుక నిలకడగా ఎక్కడ దొరుకుతుంది? గోదావరి ఇసుకను లారీల్లో తెచ్చి పోయకూడదా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి జవాబు: మన తీరంలో నైరుతి రుతుపవనాల కాలంలో అలలు ఇసుకను ఒడ్డు వెంబడి ఉత్తరానికి నెడతాయి, ఈశాన్య రుతుపవనాల్లో దిశ తిరగబడినా, ఏడాది మొత్తం మీద ఉత్తరానికి వెళ్లేదే ఎక్కువ. విశాఖ పోర్టు ఔటర్ హార్బర్ కోసం 1970లలో కట్టిన బ్రేక్‌వాటర్లు (అలలను ఆపే రాతి గోడలు) ఆ దారికి అడ్డుపడటంతో ఇసుక దక్షిణాన పేరుకుపోతోంది, ఉత్తరాన ఉన్న బీచ్ చిక్కిపోతోంది. అందుకే పోర్టు దగ్గరి శాండ్ ట్రాప్‌లో (కొట్టుకొచ్చే ఇసుక చేరేలా తవ్విన గుంతలో) చేరినదాన్ని తవ్వి బీచ్‌కు పంపుతారు. సహజంగా ఇక్కడికి చేరవలసిన ఇసుకే కాబట్టి, నా దృష్టిలో ఇంతకంటే సరైన వనరు లేదు.

రెండవ జవాబు: నిజమే గానీ, హార్బర్ లోపల తవ్వితీసే బురద దీనికి పనికిరాదండీ. వేళ్ల మధ్య నలిపితే మెత్తగా అంటుకునేది ఒడ్డున నిలవదు. రేణువు బీచ్ ఇసుకంత ముతకగానైనా ఉండాలి.

మూడవ జవాబు: నది మోసుకొచ్చే ఇసుక, ఒండ్రు ఎగువ జలాశయాల్లోనే నిలిచిపోవడంతో గోదావరి డెల్టాకే ఇసుక రాక తగ్గింది, అక్కడ తవ్వి ఇక్కడ పోస్తే కోతను చోటు మార్చినట్టే అవుతుంది. సముద్రగర్భంలో తవ్వాలన్నా, అలలు అడుగును కదపలేనంత లోతుకు వెళ్లాలి. ఒడ్డుకు దగ్గరగా గొయ్యి తీస్తే బీచ్ ఇసుకే జారి దాన్ని పూడుస్తుంది.