శ్రీపెరుంబుదూరు హత్య వెనుక ‘పెద్ద చేయి’ ఉందా? రుజువు ఎంత, ఊహ ఎంత?

గాంధీ రోడ్డు పాఠకుడు, తిరుపతి

పోయిన నెల చిత్తూరు నుంచి మద్రాసుకు బస్సులో వెళ్తుంటే, శ్రీపెరుంబుదూరు రాగానే పక్క సీటు పెద్దాయన రాజీవ్ గాంధీ స్మారకం ఉన్న వైపు చెయ్యి చూపించి, ‘చంపింది పులులే, చంపించింది వేరేవాళ్ళు’ అన్నారు. చుట్టూ ఉన్న నలుగురూ తల ఊపారు. ఆ వేరేవాళ్ళు ఎవరన్నది మాత్రం ఒక్కొక్కరు ఒక్కో విధంగా చెప్పారు. ఒకరు అమెరికా అన్నారు, ఒకరు ఢిల్లీలోని సొంత పార్టీవాళ్ళే అన్నారు, ఇంకొకరు ఢిల్లీలో పలుకుబడి ఉన్న తాంత్రికుడు చంద్రస్వామి పేరెత్తారు. ముగ్గురివీ ఒకదానికొకటి పొసగని మాటలే అయినా ముగ్గురూ ఒకరినొకరు సమర్థించుకుంటూ టీ తాగడం చూసిన తరువాత ఈ చర్చ మొదలుపెట్టాలనిపించింది.

నా వాదన ఇది. 1991 మే 21 రాత్రి పది గంటల ఇరవై నిమిషాల ప్రాంతంలో జరిగిన ఆ హత్యను శ్రీలంక తమిళ పులుల సంస్థ ఎల్టీటీఈ చేసిందనడానికి ఉన్న ఆధారాలు చాలా గట్టివి. వాటిలో ముఖ్యమైనవి ఎవరో పథకం ప్రకారం వదిలివెళ్ళినవి కావు, పొరపాటున మిగిలిపోయినవి. హంతక ముఠా ఫోటోలు తీయడానికి తెచ్చుకున్న హరిబాబు పేలుడులో చనిపోయాడు, అతని కెమెరా మాత్రం పాడవలేదు. అందులోని పది ఫోటోల్లో గంధపు దండ పట్టుకుని నిలబడిన మానవబాంబు థాను ఉంది, తెల్ల లాల్చీ పైజామాలో విలేకరిలా నిలబడిన ముఠా నాయకుడు శివరాసన్ ఉన్నాడు. ఆ గంధపు దండను మద్రాసులోని పూంపుహార్ దుకాణంలో కొన్న రసీదు హరిబాబు ఇంట్లో దొరికింది. ప్రపంచాన్నే ఆడించగల గూఢచారి సంస్థ ఒకటి ఈ పని చేయించి ఉంటే, తన మనుషుల ముఖాలను తనే ఫోటో తీయించి, దండ కొన్న రసీదును ఇంట్లో పెట్టుకునే కుర్రవాడిని నమ్ముకుంటుందా?

పీలేరు మాస్టారు

పాఠకుడు గారూ, మీరు రుజువు చేసినది ఎవరూ కాదనని విషయం. థాను నడుముకు బాంబు కట్టుకుందనీ, శివరాసన్ ఆమెను తీసుకొచ్చాడనీ పెద్దాయన కూడా ఒప్పుకుంటున్నారు కదా! ‘చంపింది పులులే’ అనే ఆయన మొదలుపెట్టారు. అసలు ప్రశ్న ఆ తరువాతది.

ఆ ప్రశ్న బస్సులో పుట్టినది కాదని మీరు మరచిపోయారు. జస్టిస్ మిలాప్ చంద్ జైన్ కమిషన్‌ను వేసింది ప్రభుత్వమే, కుట్ర కోణాన్ని చూడమన్నదీ ప్రభుత్వమే. దాని మధ్యంతర నివేదిక 1997 నవంబరులో పత్రికలకు పొక్కినందుకు గుజ్రాల్ ప్రభుత్వమే కూలిపోయింది. తుది నివేదిక 1998లో వచ్చాక, అందులో అనుమానించిన వ్యక్తుల పాత్రను, విదేశీ లింకులను తేల్చడానికి అదే ఏడాది డిసెంబరులో సీబీఐ కింద బహుళ విభాగాల పర్యవేక్షణ సంస్థ అని ఒకటి పెట్టారు. అది ఇరవై ఏళ్ళకు పైగా నడిచింది. హత్య కథ శివరాసన్ ముఠా చనిపోయిన కోననకుంటె ఇంట్లోనే ముగిసిపోయి ఉంటే, ఇన్ని ప్రభుత్వాలు మారినా ఆ సంస్థను ఎందుకు కొనసాగించినట్టు? ఏమీ లేనిచోట ఇరవై ఏళ్ళు వెతికేవారిని నేను మా ఊళ్ళో నిధుల కోసం గుడి వెనక తవ్వేవారిలో తప్ప ఎక్కడా చూడలేదు.

కోననకుంటె సంగతే తీసుకోండి. 1991 ఆగస్టులో బెంగుళూరు శివారులోని ఆ ఇంటిని చుట్టుముట్టిన తరువాత కూడా ఒక రోజుకు పైగా లోపలికి వెళ్ళలేదు. వెళ్ళేసరికి శివరాసన్, అతని సహచరి శుభ సహా ఏడుగురూ శవాలై ఉన్నారు. నోరు విప్పగలిగినవారందరూ ఆ ఇంట్లోనే ఉన్నారు. అంతకు ముందే, సభాస్థలంలో తీసిన వీడియో ఒకటి నిఘా విభాగం చేతికి వెళ్ళి మళ్ళీ సరిగా బయటికి రాలేదని ఈ కేసులో ముఖ్య దర్యాప్తు అధికారిగా పనిచేసిన కె. రఘోత్తమన్ గారే పదవీ విరమణ తరువాత ఆరోపించారు. దర్యాప్తు చేసినవాడే అలా అంటుంటే, వినేవాడు ‘వెనక ఎవరో ఉన్నారు’ అనుకోవడం మూఢత్వం ఎలా అవుతుంది?

రేణిగుంట జంక్షన్

ఒక్క మాట అడుగుతాను. హత్య వల్ల లాభపడింది ఎవరు? ఎన్నికల్లో పోటీ కూడా చేయకుండా సామాను సర్దుకుని కూర్చున్న మన పీవీ గారు నెల తిరిగేసరికి ప్రధానమంత్రి అయ్యారు. ఇది అందరికీ కనబడుతున్నదే.

గాంధీ రోడ్డు పాఠకుడు

జంక్షన్ గారూ, మీ కొలబద్దనే తీసుకుందాం. లాభపడినవాడే చేయించాడంటే, నష్టపోయినవాడు నిర్దోషి కావాలి. ఆ హత్య వల్ల అందరికంటే ఎక్కువ నష్టపోయింది ఎల్టీటీఈయే. అంతవరకు వారికి పెట్రోలు, మందులు, ఆశ్రయం దొరికిన తమిళనాడు తలుపు మూసుకుంది. 1992 మేలో భారత ప్రభుత్వం సంస్థను నిషేధించింది. మీ లెక్క ప్రకారం, ఫోటోల్లో కనబడిన శివరాసన్‌ను కూడా విడిచిపెట్టాలి. 1991 మే 20న మొదటి విడత పోలింగు జరిగిపోయిన దశలో, టికెట్ కూడా తీసుకోని ఒక ముసలాయన, తనకంటే ముందున్న అరడజను మందిని దాటి తానే ప్రధాని అవుతానని లెక్క వేసి జాఫ్నాలోని పులులతో బేరం కుదుర్చుకున్నాడనడం, ఫలితం తెలిసిన తరువాత వెనక్కి కట్టిన కథే తప్ప మరొకటి కాదు.

మాస్టారు గారి ప్రశ్నలు అంత తేలికైనవి కావు, ఒప్పుకుంటాను. కానీ వాటిలో రెండు రకాలు కలిసిపోయాయి. కోననకుంటెలో ఆలస్యం జరిగిన మాట నిజం. సయనైడు మింగేవారిని ప్రాణాలతో పట్టుకోవాలన్న ఆలోచన, కమాండోల కోసం ఎదురుచూపు, పైనుంచి అనుమతులు, అన్నీ కలిసి ఆ గంటలు గడిచిపోయాయి. అది చేతగానితనం. చేతగానితనానికి, కుట్రకు తేడా చెప్పకపోతే మన ఊరి పంచాయతీ కొళాయి కూడా ఎవరో విదేశీయుడు ఆపినట్టే లెక్క. భద్రతలో లోపాల సంగతి జస్టిస్ వర్మ కమిషన్ చెప్పనే చెప్పింది. ప్రధాని పదవి పోగానే ఎస్పీజీ రక్షణ తీసివేయడం, సభలో జనాన్ని దగ్గరికి రానివ్వడం, వెలుతురు చాలని మైదానం, ఇవన్నీ ఒక హత్యను సులువు చేస్తాయి. ఇవే హత్యకు ఆదేశాలు కావు. తనిఖీ చేస్తున్న మహిళా పోలీసు అధికారి థానును ఆపబోతే, రానివ్వమన్నది రాజీవ్ గాంధీయే. ఆ విషయాన్ని ఏ కుట్ర సిద్ధాంతంలో ఎక్కడ ఇరికిస్తారు?

ఆ రోజు విశాఖపట్నంలో ఆయన విమానానికి లోపం వచ్చింది. ప్రయాణం మానుకుని అతిథి గృహానికి బయలుదేరిన మనిషిని, విమానం బాగైందని చెప్పి వెనక్కి పిలిచారు. ఆ మరమ్మతు ఒక గంట ఆలస్యమై ఉంటే ఆ రాత్రి శ్రీపెరుంబుదూరు సభే లేదు. అలాంటి దైవఘటనల మీద ఆధారపడిన పథకాన్ని ఏ పెద్ద చేయీ వేయదు. మళ్ళీ మళ్ళీ ప్రయత్నించడానికి సిద్ధపడిన చిన్న ముఠాయే వేస్తుంది. మే 7న మద్రాసులో వీపీ సింగ్ సభకు వెళ్ళి దండ వేసే అభ్యాసం చేసింది కూడా అందుకే.

చిత్తూరు వకీలు

ఇద్దరి వాదనలూ చదివాను. ఇద్దరూ ‘వెనక ఉన్నవారి’ గురించే మాట్లాడుతున్నారు, ముందు నిలబెట్టబడినవారిని మరచిపోయారు. వేలూరు జైలు మన చిత్తూరుకు గంట దూరం. సీఎంసీ ఆసుపత్రికి వెళ్ళే మనవాళ్ళందరూ ఆ ఊరు ఎరిగినవారే. ఈ కేసులోని ఖైదీలు చాలా ఏళ్ళు ఉన్నది అక్కడే. నేను వారి తరఫు వాడిని కాను, తీర్పులు చదివినవాడిని మాత్రమే.

1998 జనవరి 28న పూనమల్లిలోని టాడా (ఉగ్రవాద నిరోధక చట్టం) కోర్టు ఇరవై ఆరుగురికీ, ఒక్కరినీ విడవకుండా, ఉరిశిక్ష వేసింది. 1999 మే 11న సుప్రీంకోర్టు వారిలో పందొమ్మిది మందిని హత్యానేరం నుంచి తప్పించి బయటికి పంపింది, ముగ్గురికి యావజ్జీవం చేసింది, నలుగురికే ఉరి ఖాయం చేసింది. అంటే కింది కోర్టు కుట్ర అనుకున్నదానిలో ఎక్కువ భాగం కుట్ర కాదని పై కోర్టు తేల్చింది. అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. ఇది టాడా కింద ఉగ్రవాద చర్య కాదని అదే తీర్పు చెప్పింది. అయినా టాడా ఉన్నందువల్ల మాత్రమే పోలీసు అధికారి ముందు ఇచ్చిన ఒప్పుకోలు వాంగ్మూలాలు సాక్ష్యంగా చెల్లాయి. మామూలు హత్య కేసులో పోలీసు ముందు చెప్పిన మాటకు మన చిత్తూరు కోర్టులో విలువ ఉండదని మొదటి ఏడాది జూనియరుకు కూడా తెలుసు.

ఇప్పుడు ఒక్క వాక్యం సంగతి చెబుతాను. ఉరి ఖాయమైన ఆ నలుగురిలో ఒకడైన పేరరివాళన్‌కు అరెస్టయ్యేనాటికి వయసు పందొమ్మిది. అతని మీద ఉన్న ముఖ్యమైన ఆరోపణ, రెండు తొమ్మిది వోల్టుల బ్యాటరీలు కొని శివరాసన్‌కు ఇచ్చాడని. అవి బాంబుకు వాడారని కేసు. ఆ వాంగ్మూలాన్ని రాసుకున్న సీబీఐ అధికారి వి. త్యాగరాజన్, పదవీ విరమణ చేసిన తరువాత 2013లో ఏం చెప్పారంటే, ఆ బ్యాటరీలు దేనికో తనకు తెలియదని కుర్రవాడు చెప్పాడనీ, ఆ మాటను తాను రాయలేదనీ. రాయని ఆ ఒక్క వాక్యం వల్ల ఒక మనిషి ఉరికంబం దాకా వెళ్ళాడు. 2014లో, క్షమాభిక్ష అర్జీ మీద పదకొండేళ్ళ జాప్యం కారణంగా ఉరి యావజ్జీవమైంది. 2022 మే 18న విడుదలయ్యాడు, మిగిలిన ఆరుగురు ఆ నవంబరులో.

పాఠకుడు గారు ఎల్టీటీఈ నేరం రుజువైందంటారు, ఆ మాట సరే. కానీ రుజువైన కేసులో కూడా రుజువు లేని ముక్కలు ఉంటాయి. ఆ బాంబు బెల్టు కుట్టింది ఎవరో, తయారు చేసింది ఎవరో ఇంతవరకు తేలలేదు. సుప్రీంకోర్టే ఆ సంగతి అడిగింది. మాస్టారు గారు గొప్పగా చెప్పిన ఆ పర్యవేక్షణ సంస్థ అన్నేళ్ళలో దానికి సరైన జవాబు చెప్పలేకపోయింది.

కొంగారెడ్డిపల్లె వాసి

మీరందరూ కోర్టుల గురించి మాట్లాడుతున్నారు కాబట్టి నేను ఒక రోజు గురించి చెబుతాను. మే 22 ఉదయం రేడియోలో వార్త వచ్చేసరికి నాకు పన్నెండేళ్ళు. ఎవరు చంపారో ఢిల్లీకి కూడా తెలియని ఆ సమయానికే మన రాష్ట్రంలో జనం తీర్పు చెప్పేశారు. తెలుగుదేశం ఆఫీసులు, ఎన్టీఆర్ గారి ఆస్తులు, ఆ పార్టీ వాళ్ళ దుకాణాలు తగలబెట్టారు. మా వీధి చివర పసుపురంగు రేకుల బడ్డీ ఒకటి ఉండేది. దాన్ని నడిపే ఆయనకు ఏ పార్టీతోనూ సంబంధం లేదు. ఆ రంగు రేకులు చవకగా దొరికితే కొన్నాడంతే. సాయంత్రానికి ఆ రేకులు నల్లబడి రోడ్డు మీద పడి ఉన్నాయి, పగిలిన బిస్కెట్ల సీసాల గాజుముక్కలను ఆయన భార్య చీపురుతో ఊడుస్తోంది. తరువాత మూడు రోజులకు హరిబాబు ఫోటోలు పేపర్లో వచ్చాయి. ఎవరూ వచ్చి రేకులు కట్టించలేదు.

పీలేరు మాస్టారు

కొంగారెడ్డిపల్లె వారి మాట తరువాత నేను కొంచెం తగ్గాలి. ఇరవై ఏళ్ళు వెతికారు కాబట్టి ఏదో ఉండే ఉంటుందన్న నా వాదన బలహీనమైనదని వకీలు గారి చివరి వాక్యం చూశాక అర్థమైంది. ఆ సంస్థ వెతుకుతూ ఉండడమే ఒక పనిగా మారిపోయి ఉండవచ్చు. చంద్రస్వామి మీద ఈ కేసులో చార్జిషీటు ఎన్నడూ పడలేదన్నది కూడా నిజమే.

కానీ ఒకటి వదలను. 1990 జూన్‌లో మద్రాసు కోడంబాక్కంలో ఈపీఆర్‌ఎల్‌ఎఫ్ నాయకుడు, ఎల్టీటీఈకి ప్రత్యర్థి అయిన పద్మనాభను, ఆయనతో ఉన్నవారిని కాల్చి చంపినప్పుడు కూడా శివరాసన్ ఉన్నాడు. పట్టపగలు హత్యలు చేసి, సముద్రం దాటి వెళ్ళి, మళ్ళీ వచ్చి, పదకొండు నెలలకు రాజీవ్ గాంధీని చంపాడు. ఆ మొదటి హత్య తరువాత అతనికి దారి ఇచ్చినవారు ఎవరు, చూసీచూడనట్టు ఉన్నవారు ఎవరు అన్న ప్రశ్న ఊహ కాదు. మధ్యంతర నివేదికలో జైన్ గారు వేలు పెట్టింది ఇక్కడే. ఆయన దాన్ని డీఎంకే పార్టీ మొత్తానికి అంటగట్టడం వల్ల రాజకీయం మిగిలింది, పేర్లు మిగలలేదు.

గాంధీ రోడ్డు పాఠకుడు

మాస్టారు గారూ, ఇప్పుడు మనం ఒకే ప్రశ్న అడుగుతున్నాం. 1990లో అతన్ని ఎవరు వదిలేశారు, బెల్టు ఎవరు కుట్టారు: ఈ రెండింటికీ పేరున్న జవాబు, చిరునామా ఉన్న జవాబు ఉంటుంది. అమెరికా అన్నది జవాబు కాదు. ఎల్టీటీఈ మాత్రం మొదట కాదన్నది, 2002లో దాని అధినేత ప్రభాకరన్ ఈ హత్యను విషాద సంఘటన అని దాటవేశాడు, 2006లో ఆ సంస్థ సలహాదారు ఆంటన్ బాలసింగం విచారం ప్రకటించారు. బెల్టు సంగతి తెలిసి ఉండగల ఎల్టీటీఈ గూఢచారి విభాగాధిపతి పొట్టు అమ్మాన్ 2009 యుద్ధం చివర్లో చనిపోయాడంటారు, శవం దొరకలేదు. మరుసటి ఏడాది అతని మీద కేసు మూసేశారు.

వకీలు గారూ, ఒక సందేహం. త్యాగరాజన్ గారు ఆ వాక్యం సంగతిని కోర్టుకు ప్రమాణపత్రంగా కూడా ఇచ్చారని విన్నాను. దాన్ని కోర్టు ఎంతవరకు లెక్కలోకి తీసుకుందో మీకు తెలిస్తే చెప్పండి.

చిత్తూరు వకీలు

ఇచ్చారు. కానీ 2022 నాటి విడుదల ఆ వాక్యం మీద రాలేదు. గవర్నరు మంత్రివర్గ సిఫారసును ఏళ్ళ తరబడి పెట్టుకుని కూర్చున్నందుకు, సుప్రీంకోర్టుకు ప్రత్యేక అధికారమిచ్చే రాజ్యాంగం 142వ అధికరణం కింద వచ్చింది. నేరం రుజువైందన్న 1999 తీర్పు కాగితం మీద అలాగే ఉంది.