1987లో తెనాలి నుంచి హైదరాబాదుకు ఫోను ఎలా చేసేవారు?

1987 వేసవిలో తెనాలిలో మొదలయ్యే ఒక హాస్య ప్రేమకథను లఘుచిత్రంగా తీస్తున్నాను. ఆదివారం ఉదయం ఊరంతా దూరదర్శన్ రామాయణం ముందు కూర్చుంటే, ఖాళీ వీధిలో ఇద్దరూ కలుసుకుంటారు. ఆ ధారావాహిక 1987 జనవరిలోనే మొదలైంది కాబట్టి దానితో ఇబ్బంది లేదు.

చిక్కంతా ఫోనుతోనే. సెలవులయ్యాక అమ్మాయి హైదరాబాదు వెళ్లిపోతుంది. అబ్బాయి ఆపరేటరు కలిపే ట్రంకు కాల్ బుక్ చేసి గంటల తరబడి పడిగాపులు కాస్తాడు. తీరా లైను కలిస్తే, అటు ఫోను ఎత్తింది ఆమె తండ్రి! బెదిరిపోయి మూడు నిమిషాలూ ఎరువుల ధరలు అడుగుతాడు.

ఆపరేటరు లేకుండా వేరే ఊరికి నేరుగా డయల్ చేసే ఎస్టీడీ కాన్పూర్, లక్నోల మధ్య 1960లోనే వచ్చింది. మరి తెనాలికి ఎప్పుడు చేరింది? ఫలానా మనిషితోనే మాట్లాడాలని బుక్ చేసే పి.పి. కాల్ అయితే ఆపరేటరే ముందుగా అమ్మాయి పేరు చెప్పి పిలిపిస్తారు కదా, అప్పుడు నా హాస్యం కాస్తా గల్లంతే. సమయం అయిపోయిందని ఏ మాటలతో హెచ్చరించేవారు, తెలుగులోనా, ఇంగ్లీషులోనా? పసుపు రంగు ఎస్టీడీ బోర్డు పెడదామని మా కళాదర్శకుడి పట్టు. నాకు అందులో తొంభైల వాసనే వస్తోంది.

అప్పట్లో ఎక్స్ఛేంజిలో పనిచేసినవారు, ఇలా కాచుకుని కూర్చున్నవారు ఉంటే దయచేసి చెప్పండి. వచ్చే నెలలోనే చిత్రీకరణ.