అమ్మ మాట ఫోనుకి ఎక్కట్లేదు, ఏం చెయ్యాలి?

గాజువాక గుంటడు: మా అమ్మకి 68 ఏళ్లు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో తెలుగులోనే రాయాలని పట్టుదల. అక్షరాలు వెతుక్కుని నొక్కలేదు, అందుకని జీబోర్డులో, అదే గూగుల్ కీబోర్డులో, మాట్లాడితే రాసే మైకు చూపించాను. "నీల్లెప్పుడొత్తాయి, మోటారుకేటయినాది" అంది. అది ఇంకేదో రాసింది, అమ్మ చూసుకోకుండా పంపేసింది, గ్రూపంతా నవ్వు బొమ్మలు. అప్పట్నుంచీ మాతో "ఏటి" అనే మనిషి ఫోను పట్టుకోగానే "ఏమిటి" అంటూ రేడియోలో వార్తలు చదువుతున్నట్టు మాట్లాడుతోంది, నాకు ఎలాగో ఉంది. సెట్టింగుల్లో ఏమైనా ఉందాండీ?

పెదవాల్తేరు: ముందు మైకు తెలుగులోనే వింటోందో లేదో చూడండి, స్పేస్ మీట వేలితో నొక్కిపెడితే భాష మారుతుంది. ఇంగ్లీషులో ఉంటే మన మాటల్ని ఇంగ్లీషు మాటల్లాగే వింటుంది. యాసకంటూ వేరే సెట్టింగు లేదండీ. అది విన్న శబ్దానికి, తను నేర్చుకున్న దాంట్లో ఎక్కువసార్లు కనబడ్డ మాటని తగిలిస్తుంది. మన ఉత్తరాంధ్ర మాట రాతలోకి ఎక్కిందే తక్కువ కదా, "ఎల్తన్నాను" అంటే దగ్గర్లో ఉన్న ఇంకో మాట పెట్టేస్తుంది. పాపం అమ్మగారేం చేస్తారు.

మధురవాడ: వాయిస్ మెసేజ్ పెట్టేస్తే పోలా?

పెదవాల్తేరు: నీళ్ల ట్యాంకరు ఎన్నింటికన్నారో రేపు వెతకాలంటే ఎన్ని వింటారు బాబూ.

ఎంవీపీ కాలనీ: జీబోర్డు సెట్టింగుల్లో భాషలు, అందులో తెలుగు, దాంట్లో చేతిరాత ఎంచుకోండి. మా నాన్నగారు వేలితో తెర మీద పలక మీద రాసినట్టే రాస్తారు. ఒత్తులు కాస్త పెద్దవిగా రాయాలి, అంతే. "ఏటి" అని రాస్తే "ఏటి" అనే వస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాత్రం అలవాటు చెయ్యకండి, మా మావయ్య "కళ్లు చూపించుకోడానికి వెళ్తున్నాను" అని అలా కొడితే మేమంతా "కల్లు" అని చదివాం.

మధురవాడ: ఆ అలవాటు ఎస్సెమ్మెస్ రోజుల నుంచీ ఉన్నదే. ఇంగ్లీషు అక్షరాలైతే ఒక మెసేజ్‌లో 160 పడతాయి, తెలుగు లిపి అయితే 70. అందులోనూ "స్త్రీ" మన కంటికి ఒక్క అక్షరం, దాని లెక్కలో ఆరు. 70 దాటితే ముక్కకి 67 చొప్పున విరుగుతుంది, ముక్కముక్కకీ డబ్బులు. మా వాచ్‌మన్‌ది ఇప్పటికీ బటన్ల ఫోనే, ఆయనకి పంపాలంటే నేను ఇప్పటికీ కుదించే రాస్తాను.

గాజువాక గుంటడు: చేతిరాత పెట్టానండీ, థాంక్స్. మొదటిరోజు "మోటారు" రాయడానికే మూడుసార్లు చెరిపింది, నాకే టెన్షన్. ఈరోజు పొద్దున్న ఎవర్నీ అడక్కుండా గ్రూపులో "మోటారుకేటయినాది" అని పెట్టింది. మూడో అంతస్తు పిన్నిగారు వెంటనే "ఏటీ అవ్వలేదమ్మా, కరెంటు లేదు" అని రాశారు.