రికార్డు లేని సెకండ్ హ్యాండ్ కారు ఇంజిన్‌లో మడ్డి: ఫ్లషింగ్ చేయించాలా, సంప్ విప్పించాలా?

ప్రశ్న

సర్వీసు రికార్డు ఏదీ లేని పెట్రోలు కారును సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. మీటరు మీద దాదాపు 90,000 కిలోమీటర్లు ఉన్నాయి. ఆయిల్ పోసే మూత విప్పి టార్చి వేసి చూస్తే క్యామ్‌షాఫ్ట్ చుట్టూ నల్లటి మడ్డి మందంగా పట్టి ఉంది, గోటితో గీస్తే పెచ్చులుగా లేస్తోంది. ఉదయం స్టార్ట్ చేయగానే టాపెట్ల దగ్గర టకటకమని చప్పుడు వచ్చి కాసేపటికి ఆగిపోతోంది. ఆయిల్ లైటు మాత్రం ఇంతవరకు వెలగలేదు.

ఒక మెకానిక్ పాత ఆయిల్‌లో ఫ్లషింగ్ డబ్బా పోసి పావుగంట ఐడ్లింగ్‌లో నడిపి తీసేద్దామన్నారు. మరొకరు డీజిల్ పోసి తిప్పితే లోపల అంతా కడుక్కుపోతుందన్నారు. ఇంకొకరు నడుస్తున్న ఇంజిన్‌ను కదిలించవద్దని గట్టిగా చెప్పారు. ముగ్గురూ అనుభవం ఉన్నవారే కాబట్టి ఎవరి మాట వినాలో తేల్చుకోలేకపోతున్నాను. ఈ పని స్వయంగా చేసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం 1

ముందుగా డీజిల్ ఆలోచనను పూర్తిగా పక్కన పెట్టండి. క్రాంక్‌షాఫ్ట్ బేరింగులు లోహానికి లోహం తగలకుండా తిరిగేది పలుచని ఆయిల్ పొర మీదనే. ఆ పొరను నిలబెట్టే చిక్కదనం డీజిల్‌కు గాని కిరోసిన్‌కు గాని లేదు. పైగా డ్రెయిన్ బోల్ట్ విప్పినంత మాత్రాన లోపలి దారుల్లో ఉన్నదంతా బయటికి రాదు, మిగిలిపోయిన డీజిల్ తరువాత పోసిన కొత్త ఆయిల్‌ను కూడా పలుచన చేస్తుంది.

ఫ్లషింగ్ డబ్బాల సంగతి వేరు. ఆయిల్ వేడికి మారి లోహం మీద గోధుమరంగు పూతలా అంటుకున్న దశలో అవి ఎంతో కొంత పనిచేస్తాయి. మీరు చెప్పినట్లు పెచ్చులుగా లేచే మడ్డి ఉన్నప్పుడు మాత్రం ప్రమాదం. సాల్వెంట్ దానిని నిదానంగా కరిగించదు, అడుగున పట్టు వదిలించి ముక్కలుగా ఊడదీస్తుంది. ఊడిన ముక్కలు సంప్‌లోకి, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి జారి, ఆయిల్ పంపు పీల్చుకునే గొట్టం చివర ఉన్న స్ట్రైనర్ జాలికి అడ్డం పడతాయి. పంపుకు ఆయిల్ అందకపోతే ముందు దెబ్బ తినేది బేరింగులు, టర్బో ఉంటే దాని షాఫ్ట్ కూడా. ఫిల్టర్ కాపాడుతుందని అనుకోవడానికి లేదు, ఎందుకంటే ఫిల్టర్ ఉండేది పంపు తరువాత, జాలి ఉండేది పంపుకు ముందు.

ఆయిల్ లైటు వెలగలేదన్న ధైర్యం కూడా చాలదు. చాలా ఇంజిన్లలో ఒత్తిడి అర బార్ పరిసరాలకు పడిపోతే గాని ఆ లైటు వెలగదు. సెన్సర్ విప్పిన చోట గేజి బిగించి, ఇంజిన్ పూర్తిగా వేడెక్కిన తరువాత ఐడ్లింగ్‌లోను, 2000 ఆర్‌పీఎం దగ్గర ఒకసారి, ఇంకా పైన ఒకసారి ఒత్తిడి కొలిపించండి. 1000 ఆర్‌పీఎంకు సుమారు 10 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలమానం, అర బార్ కంటే కాస్త ఎక్కువ) ఉండాలనే లెక్క మెకానిక్‌ల వాడుకలో ఉంది గాని, మీ ఇంజిన్ వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఇచ్చిన అంకెలనే ప్రమాణంగా తీసుకోవాలి. ఆ కొలత చేతికి వచ్చేదాకా ఏ రసాయనమూ పోయించకండి.

సమాధానం 2

పై సమాధానంతో ఏకీభవిస్తూనే, మడ్డి ఎందుకు పట్టిందో తేల్చుకోవాలని జోడిస్తాను. కారణం అలాగే ఉంటే ఇంజిన్ ఎంత శుభ్రం చేసినా మళ్ళీ అదే స్థితికి వస్తుంది.

ఆయిల్ సకాలంలో మార్చకపోవడం మొదటి అనుమానం. అందులో మురికిని విడదీసి తేలియాడేలా ఉంచే డిటర్జెంట్లు, డిస్పర్సెంట్లు ఖర్చైపోయాక, పిస్టన్ రింగులను దాటి కిందికి వచ్చే పొగ, ఇంధనం, తేమ అన్నీ కలిసి గడ్డ కడతాయి. రెండోది పీసీవీ వాల్వు. క్రాంక్‌కేసులోని ఆవిరిని బయటికి లాగే ఈ చిన్న భాగం పూడుకుపోతే తేమ, ఆమ్లాలు లోపలే ఉండిపోతాయి. దాన్ని విప్పి ఊపినప్పుడు లోపలి గుండు కదిలిన చప్పుడు రావాలి. వాల్వు బాగున్నా దాని గొట్టం మూసుకుపోయి ఉండవచ్చు కాబట్టి అదీ చూడండి. మూడోది థర్మోస్టాట్, అంటే ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపే వాల్వు. అది తెరుచుకుని బిగుసుకుపోతే ఇంజిన్ వేడెక్కక ఆయిల్‌లోని నీరు ఆవిరి కాదు. ఎప్పుడూ దగ్గరి దూరాలకే తిరిగే కార్లలో థర్మోస్టాట్ బాగున్నా ఇదే జరుగుతుంది.

మూత అడుగున నల్లటి మడ్డికి బదులు తెల్లని మీగడ లాంటిది కనిపిస్తే, అది కేవలం తేమ వల్లనా, హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పై భాగమైన హెడ్‌కు కింద ఉండే సీలు) నుంచి కూలెంట్ కారడం వల్లనా అన్నది తేల్చాలి. కూలెంట్ ట్యాంకులో మట్టం తగ్గుతూ ఉంటే కూలింగ్ సిస్టమ్‌కు ప్రెషర్ టెస్ట్ చేయించకుండా ముందుకు వెళ్ళకూడదు.

కొన్ని ఇంజిన్ల నిర్మాణంలోనే మడ్డి పట్టే స్వభావం ఉంటుందన్నదీ నిజమే. 1997 నుంచి 2002 వరకు వచ్చిన కొన్ని టొయోటా ఇంజిన్ల విషయంలో ఫిర్యాదులు పెరగడంతో, ఆ కంపెనీ 2002లో అమెరికాలో యజమానులకు ప్రత్యేక మరమ్మతు హామీ ప్రకటించింది. కాబట్టి మీ మోడల్‌కు అలాంటి చరిత్ర ఉందేమో విచారించండి.

సమాధానం 3

ఈ స్థితిలో సంప్ దించి, టాపెట్ కవర్ విప్పి చేత్తో శుభ్రం చేయడమే సరైన పని. అయితే పని చేసేవారు కొన్ని విషయాల్లో చాలా జాగ్రత్తగా ఉండాలి.

టాపెట్ కవర్‌ను బెంచి మీదికి తెచ్చి కడగవచ్చు. దాని లోపలి రేకు వెనుక దాగిన మడ్డి పైకి కనిపించదు కాబట్టి అక్కడ సాల్వెంట్ నానబెట్టాలి. హెడ్ మీద మాత్రం ముందుగా ఆయిల్ కిందికి దిగే రంధ్రాలను పీచు రాలని గుడ్డతో మూసి, ప్లాస్టిక్ స్క్రేపర్‌తో గీకుతూ, ఊడినదాన్ని ఎప్పటికప్పుడు వ్యాక్యూమ్‌తో లాగేయాలి. ఆ తరువాత రంధ్రాలు తెరిచి, అవి పూడిపోలేదని నిర్ధారించుకోవాలి. అవి మూసుకుంటే ఆయిల్ హెడ్ మీదనే నిలిచి, వాల్వు గైడ్ల గుండా సిలిండర్లలోకి దిగి పొగ వస్తుంది. గరుకు కాగితం, రాపిడి బ్రష్షులు ఇంజిన్ లోపల ఎక్కడా వాడనివ్వకండి. వాటి నుంచి రాలే సన్నని పొడి ఆయిల్‌తో పాటు బేరింగులకు చేరుతుంది, మడ్డి చేసే నష్టం కంటే అది త్వరగా చేస్తుంది.

సంప్ దించినప్పుడు స్ట్రైనర్‌ను బయటికి తీసి కడగడమో, కొత్తది వేయడమో చేయండి. ఆ గొట్టం పంపుతో కలిసే చోట ఉండే ఓ-రింగ్ (O-ring) అనే రబ్బరు వలయాన్ని తప్పనిసరిగా మార్చాలి. అది గట్టిపడితే పంపు ఆయిల్‌తో పాటు గాలిని పీలుస్తుంది. సంప్‌ను తిరిగి బిగించేటప్పుడు సీలెంట్ ఎక్కువ పూయకూడదు, లోపలికి ఒత్తుకొచ్చిన ముక్క తెగి నేరుగా అదే జాలికి చేరుతుంది. ఇంత శ్రమ పడి ఆ చిన్న నిర్లక్ష్యం వల్ల పనంతా వృథా చేయడం న్యాయం కాదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. గేజి పెట్టించాను. వేడెక్కిన తరువాత ఐడ్లింగ్‌లో మాన్యువల్ చెప్పిన కనీసానికి కొద్దిగా పైనే ఉంది కాని, ఆర్‌పీఎం పెంచినా పెరగవలసినంత పెరగలేదు. దాంతో సంప్ దింపించాం. స్ట్రైనర్ జాలిలో సగానికి పైగా మడ్డితో కప్పుకుపోయి ఉంది. పీసీవీ వాల్వు ఊపితే కదలనే లేదు. రెండూ మార్పించాను, ఒత్తిడి ఇప్పుడు సరిగా పెరుగుతోంది. దారుల్లో ఇంకా మిగిలిన పూత కోసం ఇప్పుడు ఫ్లషింగ్ చేయవచ్చా?

సమాధానం 1 రాసినవారు

అవసరం లేదు, ఆ పనిని ఆయిల్‌కే వదిలేయండి. మాన్యువల్ చెప్పిన గ్రేడులోనే, ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) వారి ఎస్‌పీ ప్రమాణానికి సరిపోయే ఆయిల్ పోయించండి. 2020లో వచ్చిన ఈ ప్రమాణం అంతకుముందున్న ఎస్‌ఎన్ కంటే మడ్డిని అదుపు చేయడంలో కఠినమైనది. చప్పుడు తగ్గుతుందని చిక్కటి గ్రేడుకు మారకండి. మొదటి 500 కిలోమీటర్లకు ఫిల్టర్ ఒక్కటి మార్చండి. పూడుకుపోయిన ఫిల్టర్‌లో బైపాస్ వాల్వు తెరుచుకుని వడకట్టని ఆయిల్ ఇంజిన్‌లోకి వెళ్తుంది. 2000 కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చండి. పాత ఫిల్టర్‌ను కోయించి కాగితం మడతలు విప్పి చూడండి. నల్లటి రేణువులుంటే శుభ్రత జరుగుతోందని అర్థం, మెరిసే లోహపు పొరలుంటే బేరింగులు పరీక్షించాలి. ఫిల్టర్ శుభ్రంగా కనిపించేదాకా ఇదే వ్యవధి పాటించి, ఆ తరువాత కూడా మాన్యువల్‌లో కఠిన పరిస్థితులకు చెప్పిన వ్యవధికే మార్చండి.

సమాధానం 4

ఇది చదివి తమ కార్లకు ఇదే చేయాలనుకునేవారికి రెండు మాటలు. టైమింగ్ బెల్ట్ ఆయిల్‌లోనే తడుస్తూ తిరిగే ఇంజిన్లలో స్ట్రైనర్‌కు అడ్డుపడేది తరచుగా ఆ బెల్ట్ నుంచి రాలిన రబ్బరే. అక్కడ ఫ్లషింగ్ సాల్వెంట్ ఆ బెల్ట్‌ను ఇంకా పాడుచేయవచ్చు, కాబట్టి ముందు బెల్ట్‌నే చూడాలి. డీజిల్ కార్లలో ఆయిల్ త్వరగా నల్లబడటం సహజం, దాన్ని చూసి మడ్డి అనుకోనక్కరలేదు. కాని డిప్‌స్టిక్ మీద మట్టం తగ్గకపోగా పెరుగుతూ ఉంటే, డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) శుభ్రపడే క్రమంలో డీజిల్ ఆయిల్‌లో కలుస్తోందేమో వెంటనే చూపించండి.